గాలికోట అంచున తాడు

మేఘాలకు పైన, డేగలు కూడా రెక్క తిప్పుకుని వెనక్కి మళ్ళే చోట, నిట్టశిల అనే కొండకొమ్మున మాంత్రికుడు వక్రజటుడి గాలికోట ఉంది. దాని బురుజులు నల్లరాతివి. గవాక్షాలకు నెమలికన్ను రంగు స్ఫటికాలు పొదిగి ఉన్నాయి. గుమ్మాలకు తోరణాలుగా వేలాడేవి మామిడాకులు కావు, వరుసగా గుచ్చిన ఏనుగు దంతాల ముక్కలు. పొద్దుటి ఎండ ఆ గోడల మీద పడితే కిందనున్న రాజ్యాలన్నింటికీ ఆకాశంలో ఎవరో నిప్పు రాజేసినట్టు కనిపించేది. ఆ కోటకు మెట్లు లేవు, కొండదారి లేదు. వక్రజటుడు పెంచిన రాక్షసగద్ద మనుషులను వెదురుబుట్టలో పెట్టుకుని పైకి మోసుకుపోయేది. వాళ్ళను మళ్ళీ కిందికి దించిన దాఖలా మాత్రం ఎక్కడా లేదు.

అలాంటి కోటలోకి తేనెగండి బయ్యన్న తెలిసి తెలిసి తలదూర్చాడు. జనపనారతో అల్లిన దొంగజడలు నెత్తిన బిగించి, ఒళ్ళంతా విభూతి పూసుకుని, ధూపం వేసే శిష్యుడినంటూ గద్దబుట్ట ఎక్కాడు. పొగ పెట్టడం అతడికి ఎవరూ నేర్పనక్కర్లేదు. తేనెటీగలకు పొగ పెట్టి బతికే వంశం వాళ్ళది. నాలుగు రోజులు తిరక్కుండానే వక్రజటుడు "ధూపస్వామీ" అని పిలిచి దగ్గర కూర్చోబెట్టుకున్నాడు. ఎంత గొప్ప మాంత్రికుడైనా మంచి సాంబ్రాణి వాసనకు లొంగిపోతాడు మరి!

బయ్యన్న వెతుకుతున్నది నిధి కోసం కాదు, రాకుమారి కోసమూ కాదు. అక్క నాంచారి మొగుడు ఓబులు మూడేళ్ళ క్రితం తేనె తీస్తూ కొండ మీద నుంచి పడిపోయాడు. శవం దొరకలేదు. "ఎముకైనా నా కళ్ళబడందే తాళి తియ్యను" అని నాంచారి భీష్మించుకుని కూర్చుంది. ఆ ఎముకలు తెస్తానని బయ్యన్న రాజ్యాలు పట్టుకుని తిరిగాడు. ఒక సంతలో, ఆకాశమంత కొండ నుంచి పడి బతికినవాణ్ణి వక్రజటుడు గద్దతో మోయించుకుపోయి పంజరంలో పెట్టాడని పిట్టలవాడు చెప్పగా విని ఇక్కడికి వచ్చాడు. దారిలో ఈ కథ విన్న ప్రతివాడూ "తమ్ముడంటే నీలా ఉండాలయ్యా" అని మెచ్చుకునేవాడు. ఆ మాట విన్న పూట బయ్యన్నకు ముద్ద గొంతు దిగేది కాదు.

ఎందుకు దిగదో చెప్పాలి. తేనెగండిలో కొండ అంచు నుంచి దిగేవాడి తాడు పట్టవలసింది అతడి అన్నదమ్ములు కాదు, పెళ్ళాం తోడబుట్టినవాడు. అక్క మెడలో తాళి తెగుతుందంటే ఏ తమ్ముడూ చేతులు వదలడని పెద్దల నమ్మకం. తాడును చెట్టుకో రాయికో కట్టకూడదు, చేతులతోనే పట్టాలి. పట్టినంతసేపూ "ఉన్నా" పాట ఆపకూడదు. కిందివాడు ఆ పాట వింటూ తేనెపట్టు కోస్తాడు. ఆ రోజు కొండ వెనుక కనుమలో ఉదయశిల రాజుగారి గుర్రాలు పోతున్నాయి. మువ్వల చప్పుడు వినబడింది. ఒక్కసారి చూసి వద్దామని బయ్యన్న తాడును రాయికి కట్టి పరుగెత్తాడు. తిరిగి వచ్చేసరికి తాడు కొస చీపురులా విచ్చుకుని అంచున ఊగుతోంది.

అంతటితో ఆగినా బాగుండేది. భయంతో బయ్యన్న ఊళ్ళో అబద్ధమాడాడు. "ఈగలు కుట్టేసరికి బావే కంగారుపడి తాడు కోసుకున్నాడు" అన్నాడు. తన తాడు తానే కోసుకున్నవాడికి తేనెగండిలో దీపం పెట్టరు. వాడి భార్యను పేరంటానికి పిలవరు. మూడేళ్ళుగా నాంచారి తల దించుకుని నీళ్ళకు వెళ్తోంది. ఆ తల దించింది తానేనని తెలిసినవాడు లోకంలో బయ్యన్న ఒక్కడే.

ఆ ఉదయం వక్రజటుడు పులితోలు మీద కూర్చుని అన్నాడు, "ధూపస్వామీ! పతనం వల్లనే నా మరణమని జాతకం. ఆ పంజరంలోని అడవిమనిషి పడి కూడా చావలేదు. వాడి దగ్గర పతనమంత్రం ఉంది. లేదంటాడు మూర్ఖుడు! నేడు నా కళ్ళముందే వాణ్ణి తోయిస్తాను. పడేటప్పుడు వాడి పెదవులు ఏ మంత్రం పలుకుతాయో చూస్తాను. పో, ముందుగా వాడికి ధూపం వెయ్యి!"

"చిత్తం స్వామీ!" అని బయ్యన్న ధూపపాత్ర పట్టుకుని అంతవరకూ తనను ఎక్కనివ్వని ఈశాన్యపు బురుజు మీదికి ఒక్క ఉరుకున పోయాడు.

బురుజు అంచుకు అవతల, ఇనుపదూలానికి వేలాడుతూ పంజరం ఉంది. దాని అడుగున కటకటాలే తప్ప చెక్క కూడా లేదు. కూర్చున్నవాడి కాళ్ళ కింద తెల్లటి మేఘాలు పొర్లుతున్నాయి. లోపలి మనిషి గడ్డం బొడ్డు దాకా దిగింది. ఒక కాలు వంకరగా అతుక్కుంది. చేతిలో ఉన్న కోడి ఈకను కటకటాల సందులోంచి జారవిడిచి, అది పోయే తీరును కళ్ళు చికిలించుకుని చూస్తున్నాడు.

ఆ చికిలింపును బయ్యన్న పోల్చుకున్నాడు.

"బావా..."

ఆ మనిషి తల తిప్పాడు. దొంగజడలకేసి, విభూతికేసి చూశాడు. ఆ తరువాత కళ్ళకేసి చూసి, "ఒరే బయ్యా! నువ్వట్రా! ఇదేం వేషంరా, సంక్రాంతి బుడబుక్కలాడిలా!" అని నవ్వబోయి ఏడ్చేశాడు. "నాంచారి ఎట్టా ఉందిరా? తాళి తీసేసిందా?"

"తియ్యలేదు బావా."

"నాకు తెలుసు! మొండిది!" ఓబులు కటకటాల్లోంచి చేతులు చాపి బయ్యన్న భుజాలు పట్టుకున్నాడు. "నీ గురించే బెంగ పెట్టుకున్నానురా. ఆ రోజు తాడు తెగేముందు జర్రు జర్రున జారింది. అయ్యో, పైన బామ్మర్ది అరచేతులు కాలిపోతున్నాయే అనుకున్నా. చేతులేవీ, చూపించు."

బయ్యన్న అరచేతులు వెనక్కి దాచుకున్నాడు. వాటి మీద చిన్న గీత కూడా లేదు. భూమి చీలి తనను మింగితే బాగుండునని అనుకున్నాడు. ఆ కోటలో చీలడానికి భూమి కూడా లేదు.

వేళ లేదనే సాకు ఏ కాలంలోనైనా దొంగకు దొరుకుతుంది. బయ్యన్న కూడా ఆ దారే పట్టాడు. "మాటలకు పొద్దు లేదు బావా! ఇవాళే నిన్ను తోసేస్తారట. పద, ముందు బయటికి రా!" అంటూ పంజరాన్ని లోపలికి లాగి, గడియ తీశాడు. తాళం లేదు. పారిపోయి ఎక్కడికి పోతాడని వక్రజటుడి ధీమా.

ఓబులు కుంటుతూ అంచు దగ్గరికి వచ్చి కిందికి చూపించాడు. "ఎట్టాగూ పడాల్సిందే. వాడు తోస్తే రాళ్ళమీద పడతాం. మనమే దూకితే మన చోటు మనం ఏరుకోవచ్చు. మూడేళ్ళుగా ఈకలూ ఆకులూ బొమికలూ వదిలి చూస్తున్నా. ఆ మబ్బు కింద, ఉత్తరంగా, మంచు పేరుకున్న వాలుంది. ఇక్కడ మాత్రం గోడ కింద శూలాల్లా రాళ్ళు పొడుచుకొచ్చాయి. నువ్వు పరుగెత్తి అవతలికి దూకగలవు. నా కుంటికాలు దూకదు. ఆ రాళ్ళు దాటేదాకా నన్ను తాడుతో దింపాలి."

గద్దబుట్ట తాడు చుట్ట మూలన పడి ఉంది. బయ్యన్న దాన్ని తెచ్చాడు. పక్కనే రాతిస్తంభం కనబడింది.

"ఊహూ," అన్నాడు ఓబులు అతడి చూపు పసిగట్టి. "కట్టకు. అంచు చూడు, కత్తిలా ఉంది. కట్టిన తాడు ఒక్కచోటే రాసుకుని రాసుకుని కోసుకుపోద్ది. చేతిలో ఉన్న తాడైతే కదుల్తా ఉంటది, అంచుకు ఒకే చోటు దొరకదు. పెద్దోళ్ళు కట్టొద్దన్నది అందుకేరా. నీకు తెలీందా!"

బయ్యన్నకు తెలియలేదు. మూడేళ్ళుగా తాడు పాతదేమో, దేవుడు తెంపాడేమో అని తనకు తాను చెప్పుకుంటూ వచ్చాడు. ఇప్పుడు ఆ కాస్త నీడ కూడా పోయింది. అతడు తాడుచుట్టను బావ కాళ్ళ దగ్గర పెట్టేశాడు.

"బావా, ఆ రోజు నేను తాడు పట్టుకోలేదు. రాయికి కట్టి గుర్రాలు చూడ్డానికి పోయాను. ఊళ్ళోకి పోయి నువ్వే కోసుకున్నావని చెప్పాను. అక్కను పేరంటాలకు పిలవడం మానేశారు. నీకు దీపం పెట్టలేదు." మాటలన్నీ ఒక్క గుక్కలో వచ్చేశాయి. "ఇంకోడి చేతిలో తాడు పెట్టు బావా. నా చేతులు పనికిరావు."

ఓబులు మబ్బుల వైపు మొహం తిప్పుకున్నాడు.

"పాట ఆగడం విన్నానురా," అన్నాడు. "దప్పికేసి నీళ్ళు తాగుతున్నాడులే అనుకున్నా." అతడి గొంతులో కోపం అప్పుడు పుట్టింది. "ఇంకోడి చేతిలో పెట్టాలా? ఈ కోటలో ఇంకోడు ఎవడున్నాడు, మీ తాతా! ఈ మాట చెప్పడానికి నీకు ఇంతకంటే మంచి సమయం దొరకలేదట్రా!"

"నన్ను క్షమించు బావా."

"నన్నడక్కు! నేను పడ్డాను, కాలిరిగింది, అయిపోయింది. రోజూ పడుతున్నది నాంచారి. ఊరందరి ముందూ నిలబడి ఈ మాట దానికి చెప్పు. చెప్పేదాకా నువ్వు చావడానికి వీల్లేదు. అందుకే ఎట్టా పడాలో చెబుతున్నా, చెవులు రిక్కించి విను."

తిడుతూనే తాడు నడుముకు బిగించుకున్నాడు. తిడుతూనే పాఠం చెప్పాడు.

"ముందు రాయిలా పడతావు. కడుపులో ఏదో తేలిపోతున్నట్టుంటది. భయపడకు, ఆ గుబులు కాసేపటికి ఆగిపోద్ది. ఆగిందంటే ఇంక వేగం పెరగదన్నమాట. నీ బరువు కిందికి లాగుతున్నంత గట్టిగా గాలి పైకి తోస్తా ఉంటది. అక్కణ్ణించి కొండంత దూరం పడినా అదే వేగం. ఎగిరే ఉడుత లేదూ, అట్టా కాళ్ళూ చేతులూ చాపి బోర్లా పడుకో. ఎంత వెడల్పుగా పడుకుంటే అంత నెమ్మది. ఎటు పోవాలో అటు తల పెట్టి, చేతులు ఒంటికి లాక్కుంటే గాలి అటే జరుపుద్ది. కింద నీలంగా చెరువు కనబడుద్ది, దాని జోలికి పోకు. ఇంత ఎత్తునుంచి పడితే నీళ్ళు బండతో సమానం. మంచువాలు మీదికే పో. దగ్గరకొచ్చాక కాళ్ళు కిందికి తిప్పు, దగ్గరగా పెట్టు, మోకాళ్ళు వంచు, తల చేతుల్లో దాచుకో. ఒళ్ళు బిగబట్టావా, ముక్కలవుతావు. తాగినోడిలా వదిలెయ్. వాలు మీద పడితే దొర్లు, జారు, గుద్దుకుంటూ పో. ఒక్క దెబ్బను నూరు దెబ్బలుగా పంచుకున్నోడే బతుకుతాడు. ఆనాడు నన్ను బతికించింది మంత్రం కాదు, చెట్ల మీద అల్లుకున్న తీగలూ, వాటి కింద గులకరాళ్ళ జారుడూను."

"అర్థమైంది బావా."

"రాళ్ళు దాటాక ఒక్క గుంజు గుంజుతా. వెంటనే వదిలెయ్యాలి. పట్టు ఇప్పుడు. పాట ఆపావంటే..." మాట పూర్తిచేయకుండా ఓబులు అంచు మీద నుంచి వెనక్కి జారాడు.

బరువు ఒక్కసారిగా చేతుల్లోకి వచ్చింది. బయ్యన్న మడమలు రాతిసందులో తన్నిపెట్టి, తాడును అటూ ఇటూ కదుపుతూ జారవిడవసాగాడు. మూడేళ్ళుగా నోట పలకని పాట గొంతు పెకలించుకుని వచ్చింది.

"ఉన్నా బావో, ఉన్నా... తాడు నాది, ఊపిరి నీది, ఉన్నా బావో..."

సరిగ్గా అప్పుడు బురుజు మెట్ల మీద పావుకోళ్ళ చప్పుడు! వక్రజటుడు పైకి వచ్చాడు. ఖాళీ పంజరం చూశాడు, తాడు చూశాడు. అతడి కళ్ళు చింతనిప్పులయ్యాయి.

"ఓరీ ద్రోహీ! ధూపం వెయ్యమంటే దొంగతనం చేస్తావా! వదలరా ఆ తాడు!"

"ఉన్నా బావో, ఉన్నా..."

వక్రజటుడు మంత్రదండం గాలిలో తిప్పాడు. అది మోహినీమాయ. మనిషి బతుకులో ఏ వస్తువు వెంట పడ్డాడో దాన్నే కళ్ళముందుకు తెస్తుంది. బయ్యన్న వీపు వెనుక గల్లుగల్లున మువ్వలు మోగాయి. డెక్కల చప్పుడు. జీను తోలు వాసన. పాలనురుగు లాంటి గుర్రాలు అతడి భుజం పక్కనుంచే పోతున్నాయి. వాటి ఊపిరి మెడకు వెచ్చగా తగిలింది. ఒక్కసారి తల తిప్పితే చాలు. బయ్యన్న కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. మూసిన కళ్ళలోంచి నీళ్ళు కారాయి, పాట మాత్రం ఆగలేదు.

మాయ పారలేదని వక్రజటుడు దండాన్ని నిప్పుల కొరడాగా మార్చి ఝళిపించాడు. వీపు మీద చర్మం చుర్రుమని లేచింది. ఆ అదురుకు తాడు మూరెడు జారి అరచేతులను కాల్చుకుంటూ పోయింది. బయ్యన్న పళ్ళ బిగువున దాన్ని ఆపాడు. నెత్తురుతో తాడు తడిసి జారిపోతుంటే మణికట్టుకు ఒక చుట్టు తిప్పుకున్నాడు. ఆ నొప్పిలో అతడికి ఒక వింత సంతోషం కలిగిందంటే నమ్మాలి. ఈ గీతలు ఆ రోజే పడవలసినవి.

కింద నుంచి ఒక్క గుంజు!

మూడేళ్ళుగా పట్టనందుకు కుమిలిన చేతులు ఇప్పుడు వదలమంటే ఒప్పుకోలేదు. మళ్ళీ గుంజు, ఈసారి కోపంగా. బయ్యన్న "అమ్మా!" అని కేక పెట్టి మణికట్టు తిప్పి వదిలేశాడు. తాడు పాములా బుసకొడుతూ అంచు దాటి పోయింది.

"ఎక్కడికి పోతావురా!" అంటూ వక్రజటుడు ఎగిరి బయ్యన్న జడలు ఒడిసిపట్టాడు. జడలు జడలుగానే అతడి చేతికి వచ్చేశాయి. గుప్పెడు జనపనారను చూసి మాంత్రికుడు నోరు తెరిచేలోగా, బయ్యన్న నాలుగంగల్లో బురుజు దాటి ఆకాశంలోకి దూకాడు.

శూలాల రాళ్ళు పక్కనుంచి రివ్వున పైకి పోయాయి. కడుపు గొంతులోకి వచ్చింది. గాలి చెవుల్లో గర్జించింది, కళ్ళలో నీళ్ళను పిండింది. నాంచారి నీళ్ళబిందెతో తల దించుకుని నడుస్తున్నట్టు కనబడింది. "అక్కా, ఆగు, చెప్పడానికే వస్తున్నా!" అని అరిచాడు. ఆ అరుపు అతడికే వినబడలేదు. పల్టీలు కొట్టాడు. ఆకాశం కిందికి, మబ్బు పైకి. ఎగిరే ఉడుత జ్ఞాపకం వచ్చి కాళ్ళూ చేతులూ బార్లా చాపాడు. పల్టీలు ఆగాయి. బావ చెప్పినట్టే కడుపులో గుబులు సద్దుమణిగింది. గాలి కింద నుంచి పరుపులా నిలబడి మోస్తోంది. అది మోస్తున్నా పడుతున్నాడనుకోండి, అయినా ఒక లెక్కలో పడుతున్నాడు.

మబ్బులోకి జొరబడ్డాడు. చలి సూదుల్లా గుచ్చింది. మబ్బు చిరిగింది. కింద నీలంగా చెరువు, ఎంతో మెత్తగా, రమ్మని పిలుస్తున్నట్టు! మనసు అటే లాగింది. బయ్యన్న మొహం తిప్పుకుని, ఉత్తరంగా తల పెట్టి, చేతులు ఒంటికి లాక్కున్నాడు. గాలి అతణ్ణి అటే జరిపింది. తెల్లటి వాలు అంతకంతకూ పెద్దదవుతోంది. మళ్ళీ రెక్కల్లా చేతులు చాపాడు. మంచు మీద దేవదారు చెట్లు గడ్డిపోచల నుంచి మొక్కలయ్యాయి, మొక్కల నుంచి మానులయ్యాయి. కాళ్ళు తిప్పాడు. మోకాళ్ళు వంచాడు. తల దాచుకున్నాడు. ఒళ్ళు వదిలెయ్యడమే చేతకాలేదు. మూడేళ్ళుగా బిగబట్టిన ఒళ్ళది. కానీ బావకు నిజం చెప్పేశాడు కదా! ఆ మాట తలుచుకోగానే ఎక్కడో ఒక ముడి సడలింది.

ఒక చెట్టుకొమ్మ విరిగింది. మరొకటి. మంచు పేలింది. దొర్లాడు, జారాడు, గుద్దుకున్నాడు, మళ్ళీ దొర్లాడు. నూరు దెబ్బలూ లెక్కపెట్టకుండా తిన్నాడు. చివరికి ప్రపంచం తెల్లగా, చడీచప్పుడు లేకుండా ఆగిపోయింది.

నోట్లో మంచు ఉమ్మి లేచాడు. పక్కటెముకలు భగ్గుమన్నాయి. ఎడమచెయ్యి భుజం దగ్గర నుంచి పట్టు తప్పింది. కానీ బతికాడు!

"బావా!"

బదులు లేదు. కొద్ది దూరంలో మంచును చీల్చుకుంటూ పోయిన చాలు ఒకటి కనబడింది. ఎవరో జారిన జాడ. కుంటుతూ, పాకుతూ దాని వెంట పోయాడు. ఆ చాలు వాలు దిగి, తిన్నగా ఒక మంచుగండి అంచు దాకా పోయి తెగిపోయింది. అంచు మీద తాడు తోక ఒకటి పాకుతోంది. అంగుళం అంగుళంగా లోపలికి జారిపోతోంది.

బయ్యన్న దాని మీద పడి, తోలు లేచిన అరచేతులతో పట్టుకున్నాడు. బరువు తగిలింది. బతికి ఉన్న బరువు.

గండిలోంచి గొంతు వచ్చింది. "పైనెవరు?"

"నేనే బావా."

ఓబులు నెమ్మదిగా అడిగాడు. "పక్కన రాయేమైనా ఉందట్రా?"

చేతికందే దూరంలో నిలువెత్తు రాయి ఉంది. తాడు చుట్టడానికి ఎవరో చెక్కి పెట్టినట్టుంది. బయ్యన్నకు పనికొచ్చే చెయ్యి ఒక్కటే మిగిలింది.

"ఉంది."

"కడతావా?"

"కట్టను."

మంచు మీద పెద్ద నీడ పడింది. పైన రాక్షసగద్ద రెక్కలు చాచి గుండ్రంగా తిరుగుతూ దిగుతోంది. దాని మెడ మీద వక్రజటుడు, అతడి చేతిలో నిప్పుల కొరడా. బయ్యన్న తల ఎత్తి చూసి, మళ్ళీ దించుకుని, తాడును పళ్ళతో కూడా పట్టుకోబోయాడు.

"మరి పాటేదిరా?" అన్నాడు ఓబులు లోపలి నుంచి.

నిజమే. పళ్ళతో పడితే పాడటం కుదరదు. బయ్యన్న నోరు వదిలి, తాడును నడుముకు ఒక చుట్టు తిప్పుకుని మంచులో మడమలు దిగ్గొట్టాడు. నీడ దగ్గరకు వస్తోంది.

"ఉన్నా బావో, ఉన్నా..."